ఆ ‘కిర్రు’ ఎక్కడిది?

అద్దాలు ఎక్కించినా వినిపిస్తుంది. పాటలు పెట్టినా వినిపిస్తుంది. మెకానిక్ ఎక్కి కూర్చుంటే మాత్రం వినిపించదు! కారులో దాక్కుని విసిగించే ఆ చప్పుడు దొంగను పట్టుకోవడం ఎలా? దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒక్కసారి బండి తీస్తే చాలు... చాలామటుకు దొరికిపోతుంది!

సాయంత్రం ఆరున్నర. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు. పైన మెట్రో రైలు పోతోంది. పక్కన సిటీ బస్సు హారన్, ఎదురుగా ఆటోల తోపులాట, ఫుట్‌పాత్ మీద బేరాల గోల. ఇంత హోరులోనూ కారు నడిపే మనిషి చెవి ఒక్కదాని మీదే ఉంటుంది. కిర్... కిర్... కిర్. డ్యాష్‌బోర్డులోంచా? తలుపులోంచా? వెనక సీట్లోంచా? చైతన్యపురి దాటేసరికి ఆగిపోతుంది. హమ్మయ్య అనుకునేలోగా విక్టోరియా మెమోరియల్ దగ్గర మళ్లీ మొదలు!

దిల్‌సుఖ్ అంటే మనసుకు సుఖం. ఆ సుఖాన్ని పాడుచేయడానికి పెద్ద రిపేరే రానక్కర్లేదు. ఒక చిన్న కిర్రు చాలు. ఇంజిన్ బాగుంది, మైలేజీ బాగుంది, ఏసీ చల్లగానే ఉంది. అయినా బండెక్కాలంటే విసుగు. ‘‘మీకే వినిపిస్తుంది, నాకేం వినిపించట్లేదు’’ అని పక్క సీట్లో ఆవిడ. ‘‘సరిగ్గా విను’’ అని ఈయన. ‘‘డాడీ, ముందు రోడ్డు చూడు’’ అని వెనక నుంచి పిల్లలు.

ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, ఏమీ కాని చప్పుడుకు భయపడి వేలకు వేలు పోసి మంచి సామాను మార్పించడం. రెండోది, నిజంగా ప్రాణాల మీదకొచ్చే చప్పుడును ‘ఆ... ఏముందిలే’ అని పాటల సౌండు పెంచి కప్పేయడం. ఈ రెంటికీ మందు ఒకటే... ముందు వినడం నేర్చుకోవాలి.

చిన్న చప్పుడుకే ఎందుకంత చిరాకు?

మనిషి చెవికి 20 నుంచి 20 వేల హెర్ట్జ్‌ల దాకా శబ్దాలు వినిపిస్తాయంటారు. కానీ అన్నిటినీ ఒకేలా వినదు. సుమారు 2 వేల నుంచి 5 వేల హెర్ట్జ్‌ల మధ్య ఉండే శబ్దాలంటే దానికి ప్రత్యేక శ్రద్ధ. ఎంత మెల్లగా ఉన్నా పట్టేస్తుంది. కీచుమనే చప్పుళ్లలో చాలావాటికి బలం ఉండేది సరిగ్గా అక్కడే. ఇంజిన్ హోరు, టైర్ల రొద అలా కాదు. అవి ఎక్కువగా కింది స్థాయిలో, ఎడతెగకుండా ఉంటాయి. కాసేపటికి మెదడు వాటిని పక్కన పెట్టేస్తుంది. కిర్రు అలా కుదురుగా ఉండదు. వస్తుంది, పోతుంది. ఎప్పుడొస్తుందో తెలియనిదాన్ని మెదడు వదలదు. అందుకే లారీ హారన్‌ను మర్చిపోయినవాళ్లు కూడా గ్లవ్‌బాక్స్ కిర్రును మర్చిపోలేరు.

పైగా కార్లు నిశ్శబ్దంగా మారుతున్నకొద్దీ ఈ బాధ ఎక్కువవుతోంది. అంబాసిడర్ రోజుల్లో ఇంజిన్ చప్పుడులో అన్నీ కలిసిపోయేవి. 1983లో మారుతి 800 వచ్చాక లోపల మాటలు వినిపించడం మొదలైంది. ఇప్పుడు విద్యుత్తు కార్లు వచ్చాయి. ఇంజినే లేదు. దాని చాటున దాక్కున్న చప్పుళ్లన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. కొత్త విద్యుత్తు కారు కొన్నవాళ్లకు అందులో చప్పుళ్లు ఎక్కువున్నట్టు అనిపిస్తే అది కారు తప్పే కానక్కర్లేదు... కప్పిపెట్టే దుప్పటి పోయిందంతే!

ఫిడేలు కమాను... బండి కమాను

అసలు కిర్రు ఎలా పుడుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం మన సంగీత కచేరీలోనే ఉంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఫిడేలు మీద కమాను లాగితే జనం మైమరిచిపోయేవారు. ఆ కమాను తీగను నున్నగా జారిపోనివ్వదు. దానికి రాసిన రోజనం వల్ల తీగను పట్టుకుంటుంది, కొంచెం లాగుతుంది, వదిలేస్తుంది. మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ వదులుతుంది. సెకనుకు వందలసార్లు ఇలా పట్టువిడుపులు జరిగితే నాదం. కారులో రెండు ప్లాస్టిక్ ముక్కల మధ్య, రబ్బరుకూ ఇనుముకూ మధ్య జరిగేదీ అచ్చం అదే. కాకపోతే అక్కడ నాదం, ఇక్కడ నరకం!

ఆగి ఉన్న వస్తువును కదపడానికి ఎక్కువ బలం కావాలి, కదిలాక జరపడానికి తక్కువ చాలు. ఘర్షణకున్న ఈ రెండు ముఖాలను ఫ్రెంచి శాస్త్రవేత్త కూలుంబ్ 1785లోనే లెక్కగట్టి చూపాడు. ఈ తేడాయే కిర్రుకు మూలం. ఇంకో తమాషా ఏమిటంటే, అంబాసిడర్ వెనక చక్రాల దగ్గర ఒకదాని కింద ఒకటి పేర్చి ఉండే ఇనప పట్టీలనూ మనవాళ్లు కమాన్ పట్టీలనే అన్నారు. గ్రీజు ఎండిపోతే అవి కూడా ఫిడేలు వాయించేవి.

చప్పుళ్లలో రెండు జాతులున్నాయి. ఒకటి రాపిడి చప్పుడు... కిర్రు, కీచు. రెండు వస్తువులు ఒరుసుకుంటే వస్తుంది. రెండోది తాకిడి చప్పుడు... టకటక, గడగడ. ఏదో వదులై, కొట్టుకుంటే వస్తుంది. మొదటిదానికి మందు నునుపు చేయడం. రెండోదానికి బిగించడం, లేదా మధ్యలో మెత్తటిది పెట్టడం. ఈ తేడా తెలియక వదులైన బోల్టుకు గ్రీజు రాసేవాళ్లు, ఎండిన రబ్బరును ఇంకా బిగించేవాళ్లు ఎందరో!

దొంగ ఒకచోట... కేక ఒకచోట

డ్యాష్‌బోర్డులో వినిపించింది కాబట్టి డ్యాష్‌బోర్డు విప్పేద్దాం అనుకుంటే పప్పులో కాలేసినట్టే. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. ఉక్కులో అయితే సుమారు 5 వేల మీటర్లు! చక్రం దగ్గర పుట్టిన టక్కు బాడీ రేకుల వెంట పరుగెత్తి, డ్యాష్‌బోర్డు కిందనో పెడల్స్ దగ్గరో బయటపడుతుంది. ముందు అద్దానికి తగిలి వెనక్కి తిరిగిన కిర్రు నెత్తి మీద నుంచి వచ్చినట్టుంటుంది. శబ్దం ఎటు నుంచి వచ్చిందో మెదడు కనిపెట్టేది రెండు చెవులకూ అది చేరడంలో ఉన్న తేడాను బట్టి. నలువైపులా అద్దాలు, రేకులున్న పెట్టెలో ఆ లెక్క తప్పుతుంది.

అందుకే అనుభవమున్న మెకానిక్ ‘ఎక్కడ’ అని అడగడు. ‘ఎప్పుడు’ అని అడుగుతాడు. పొద్దున బండి తీసినప్పుడా, ఎండలో నిలిపి తీశాకా? బ్రేకు తొక్కితేనా, వదిలితేనా? స్టీరింగ్ తిప్పితేనా? ఒక చక్రం గుంతలో పడితేనా, రెండూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితేనా? బండి ఆగి ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడూ వస్తోందా? ఒక్కరే ఉన్నప్పుడా, నలుగురెక్కినప్పుడా? వాన పడ్డ రోజు మాయమవుతోందా? వారం రోజులు వీటికి జవాబులు ఓ కాగితం మీద రాసుకుంటే సగం రోగం తెలిసిపోయినట్టే.

దారే డాక్టరు!

పెద్ద పెద్ద కార్ల కంపెనీలు ఈ చప్పుళ్లు వెతకడానికి రకరకాల గతుకులతో ప్రత్యేకంగా రోడ్లు వేసుకుంటాయి. కారును యంత్రాల మీద నిలబెట్టి కుదుపుతాయి. హైదరాబాద్ తూర్పువైపు ఉండేవాళ్లకు ఆ ఖర్చు లేదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మధ్య ఉన్న కొద్ది కిలోమీటర్లలోనే అన్ని పరీక్షలూ ఉన్నాయి!

మొదటి పరీక్ష అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే. ర్యాంపు మీదకు బండి కాస్త వంకరగా ఎక్కినప్పుడు ఒక చక్రం పైకి, ఒకటి కిందికి ఉంటుంది. బాడీ మొత్తం కొద్దిగా మెలితిరుగుతుంది. అప్పుడు కిర్రుమంటే అనుమానం తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగుల మీద, డిక్కీ డోరు మీద.

రెండోది సరూర్‌నగర్, కొత్తపేట కాలనీ గల్లీలు. నిదానంగా, ఇరవై దాటకుండా పోవాలి. రోడ్డు అడ్డంగా ఉన్న స్పీడ్ బ్రేకర్ మీద రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కుతాయి. అప్పుడు ‘క్ర్‌ర్’ మంటే ఎండిన బుష్‌లో, షాకబ్జర్లో. మ్యాన్‌హోల్ మూతల దగ్గర ఒక్క చక్రమే కిందికి పైకి అవుతుంది. స్పీడ్ బ్రేకర్ మీద నోరెత్తకుండా ఇక్కడ మాత్రం ‘టకటక’ మంటే ముందుగా చూడాల్సింది లింక్ రాడ్లు. రెండు చక్రాల మధ్య ఉండే కడ్డీకి వేలాడే చిన్న రాడ్లివి. రెండు చక్రాలూ కలిసి లేస్తే వాటికి పెద్దగా పని ఉండదు. ఒకటి లేచి ఒకటి లేవకపోతేనే పని పడుతుంది. ఈ ఒక్క తేడా గమనిస్తే బోలెడు డబ్బు మిగులుతుంది.

మూడోది దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు. మెట్రో పిల్లర్ల పక్కన ఆగుతూ, కదులుతూ పోయే ట్రాఫిక్. బ్రేకుల పరీక్షకు ఇంతకంటే మంచి చోటు లేదు. రాత్రి వాన పడ్డాక పొద్దున మొదటి నాలుగైదు బ్రేకులకు గరగర వచ్చి పోతే భయం లేదు. డిస్క్ మీద పట్టిన పల్చటి తుప్పు అది, ప్యాడ్లు దాన్ని తుడిచేస్తాయి. రోజంతా కీచుమంటుంటే మాత్రం చూపించాలి.

నాలుగోది యూటర్న్. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా పోతున్నప్పుడు ‘కట్ కట్ కట్’ మని లెక్కపెట్టినట్టు వస్తే ముందు చక్రాలను తిప్పే యాక్సిల్ జాయింట్ల మీద అనుమానం. వాటి మీదుండే రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు బయటికి పోయి, దుమ్ము లోపలికి పోయి ఉంటుంది. బండి ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పితేనే ‘టంగ్’ మంటే స్ట్రట్ పైనుండే బేరింగ్ సంగతి చూడాలి.

అయిదోది ఎల్బీనగర్ కూడలి. విజయవాడ హైవే, సాగర్ రోడ్డు, ఇన్నర్ రింగ్ రోడ్డు కలిసేచోట ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు కట్టాక చప్పుళ్ల వేటకు ఇంకో రెండు వసతులు దొరికాయి. ఫ్లైఓవర్ మీద శ్లాబుల మధ్య అతుకుల దగ్గర ‘థడ్ థడ్’ మనడం సహజం. ఆ థడ్ వెనకే ఇనుప చప్పుడు తోడైతే మాత్రం సస్పెన్షన్‌లో ఏదో వదులైనట్టు. చింతలకుంట అండర్‌పాస్ లాంటి చోట అద్దాలు దించి పోతే రెండువైపులా గోడలు చక్రాల చప్పుడును తిరిగి చెవికి అందిస్తాయి. ఏవైపు గరగర ఎక్కువో తేలిగ్గా తెలుస్తుంది.

ఆరోది హయత్‌నగర్ దాటాక హైవే. వేగం పెరిగేకొద్దీ ‘ఊఁ...’ అని పెరిగే మూలుగు చక్రాల బేరింగ్‌ది కావచ్చు. రోడ్డు మలుపులో బరువు ఒకవైపు పడ్డప్పుడు ఆ మూలుగు హెచ్చితే, తగ్గితే అనుమానం బలపడుతుంది. ఈలలాగా వస్తే గాలి... తలుపు సరిగ్గా పడలేదో, బీడింగ్ ఎక్కడో ఊడిందో.

ఒక్క హెచ్చరిక. నడిపేవాళ్లు నడపాలి, వినేవాళ్లు వినాలి. స్టీరింగ్ పట్టుకుని డ్యాష్‌బోర్డు కిందికి తల వంచకండి. పక్కన, వెనక ఇంకొకరు కూర్చుని చెవి పెడితేనే వేట సాగేది.

ముందు కారు ఖాళీ చేయండి

పానా పట్టుకునే ముందు చేయాల్సిన పని ఒకటుంది. కారులో ఉన్న సామానంతా దించేయడం! డోరు పాకెట్లలో చిల్లర, గ్లవ్‌బాక్స్‌లో పాత తాళాల గుత్తి, కళ్లద్దాల డబ్బా, డిక్కీలో పిల్లల క్రికెట్ బ్యాటు, సగం నిండిన నీళ్ల క్యాను. డ్యాష్‌బోర్డు మీద వినాయకుడి విగ్రహం, అద్దానికి వేలాడే దండ. స్టెప్నీ, జాకీ, పానాలు కూడా తీసి పక్కన పెట్టాలి. అప్పుడు ఓ రౌండు వెయ్యాలి. చప్పుడు పోతే పండగే! ఒక్కో వస్తువూ తిరిగి పెడుతూ పోతే దొంగ తనే బయటపడతాడు. చాలాసార్లు అది జాకీ అవుతుంది. బిగింపు వదులై తన గూట్లో తనే నాట్యం చేస్తుంటుంది. సీటు కింద దొర్లే నీళ్ల సీసాను మాత్రం నవ్వి వదిలేయకూడదు. అది బ్రేకు పెడల్ కిందికి దొర్లితే పెద్ద ముప్పే.

తర్వాత చేతి పరీక్ష. వెనక ఖాళీ సీట్లో బెల్టు బకిల్ ప్లాస్టిక్‌కు తగిలి టకటకలాడుతుంటుంది. దాన్ని పెట్టేసి చూడాలి. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు డ్యాష్‌బోర్డు అంచును, ఏసీ గాలి పోసే జాలీలను, గ్లవ్‌బాక్స్ మూతను, తలుపు ప్యానెల్‌ను ఒక్కోదాన్నే అరచేత్తో గట్టిగా అదిమి పట్టాలి. ఎక్కడ అదిమితే ఆగిందో అక్కడే ఉన్నట్టు. అక్కడ గుర్తుగా కాగితం ముక్క అంటించండి. మూత అంచుల మధ్య మడిచిన విజిటింగ్ కార్డు దూర్చి చూస్తే రెండు ముక్కల మధ్య సందు సంగతీ తేలిపోతుంది.

మందులు చవకే. ప్లాస్టిక్ ప్లాస్టిక్‌కు తగిలేచోట పల్చటి వెల్వెట్ పట్టీ. వైర్లు కొట్టుకునేచోట స్పాంజి టేపు. తలుపు రబ్బర్లకు ముందు తడిగుడ్డతో దుమ్ము తుడవడం, ఆరాక కొద్దిగా సిలికాన్ స్ప్రే. చాలామంది అన్నిటికీ ఒకటే మందు వాడతారు... డబ్ల్యూడీ-40. అమెరికాలో 1953లో దాన్ని తయారుచేసింది లోహం మీద తడిని తరిమి, తుప్పు పట్టకుండా కాపాడటానికి. పేరులోని డబ్ల్యూడీకి అర్థం కూడా నీటిని తరమడమే. 40 అన్నది ఫార్ములా నంబరు. బిగుసుకున్న బోల్టుకు అది దివ్యంగా పనిచేస్తుంది. రబ్బరు బుష్‌కు, బీడింగుకు అది మందు కాదు. కొట్టగానే కిర్రు ఆగుతుంది, కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతుంది. ఇంజిన్ ఆయిలు, గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. బ్రేకుల మీద ఏ స్ప్రే అయినా పడిందా... కీచు కాదు, బ్రేకే పోతుంది!

విప్పడం విషయంలోనూ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. స్టీరింగ్ మధ్యలో, డ్యాష్‌బోర్డులో, కొన్ని కార్లలో సీట్ల పక్కన, పైకప్పు అంచుల్లో ఎయిర్‌బ్యాగులుంటాయి. అక్కడ స్క్రూడ్రైవర్‌తో పెకిలించడం, సందుల్లో స్పాంజి కూరడం అసలు పనికిరాదు. ఆ చోట కిర్రుమంటే సర్వీస్ సెంటర్‌కే వదిలేయాలి.

ఎండాకాలం ఒక పాట... వానాకాలం ఒక పాట

పొద్దున పలికిన కిర్రు మధ్యాహ్నానికి పోతుంది. ఎందుకు? వేడికి అన్నీ పెరుగుతాయి, కానీ ఒకేలా పెరగవు. ఉక్కుతో పోలిస్తే డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ చాలా రెట్లు ఎక్కువ సాగుతుంది. మే నెల ఎండలో నిలిపిన కారు లోపల డ్యాష్‌బోర్డు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. ఇనుప చట్రానికి బిగించిన ప్లాస్టిక్ అక్కడ సాగి, ఏసీ వేయగానే ముడుచుకుంటూ కటుక్కు కటుక్కుమంటుంది. ఇది రోగం కాదు, ఒళ్లు విరుచుకోవడం. నీడలో నిలపడం, ముందు అద్దానికి అట్ట పెట్టడం... ఇవే మందు.

వానాకాలంలో లెక్క తిరగబడుతుంది. తడి తగిలిన రబ్బరు నోరు మూసుకుంటుంది. వాన రోజున చప్పుడు మాయమై, ఎండ కాయగానే తిరిగొస్తే అది ఎండిపోయిన బుష్ అనుకోవచ్చు. మెకానిక్‌లు దీన్నే పరీక్షగా మార్చుకున్నారు. బండి ముందు భాగాన్ని ఒకరు చేతులతో అదిమి ఊపుతుంటే, ఇంకొకరు ఒక్కో బుష్ మీద నీళ్లు చల్లుతారు. ఏది తడిస్తే కిర్రు ఆగిందో అదే దొంగ!

వానంటే ఈ ప్రాంతానికి ఇంకో చేదు జ్ఞాపకం ఉంది. 2020 అక్టోబరులో కుండపోత వానకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాయి. ఇళ్ల ముందున్న కార్లూ మునిగాయి. మునిగిన కారును కడిగి, పాలిష్ కొట్టి, సీటు కవర్లు మారిస్తే చూడ్డానికి కొత్తగానే ఉంటుంది. కానీ చప్పుడు అబద్ధం చెప్పదు. పాత కారు కొనేవాళ్లు సీటును ముందుకీ వెనక్కీ జరిపి వినాలి. పట్టాలు గరగరమన్నాయా? కింద తుప్పు ఉందేమో లైటు వేసి చూడాలి. సీటు బెల్టును చివరిదాకా లాగాలి. అడుగున బురద మరక కనిపించినా, బెల్టు కిర్రుమంటూ వెనక్కి పోయినా అనుమానించాలి. కిటికీ అద్దాలు మూలుగుతూ ఎక్కుతున్నాయా, చక్రాల బేరింగులు హోరుమంటున్నాయా... ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పొచ్చు. అన్నీ ఒకే బండిలో ఉంటే మాత్రం ఆ బండికి ఈత వచ్చనే అర్థం!

నవ్వులాట కాదు

కొన్ని చప్పుళ్లు కారు వేసే కేకలు. బ్రేకు కీచు అందులో మొదటిది. చాలా కార్లలో బ్రేకు ప్యాడ్‌కు ఒక చిన్న ఉక్కు రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ రేకు డిస్క్‌కు తగిలి కీచుమంటుంది. అంటే ఆ చప్పుడు లోపం కాదు, తయారుచేసినవాళ్లు కావాలని పెట్టిన గంట! ఆ గంటను వినకుండా ఇంకా నడిపితే కీచు పోయి గరగర వస్తుంది. ప్యాడ్ పూర్తిగా అరిగి ఇనుము ఇనుమును కోస్తోందన్నమాట. అప్పుడు డిస్కులూ మార్చాలి. అంతకంటే ముఖ్యం... బండి ఆగాల్సిన చోట ఆగదు.

రెండోది బాల్ జాయింట్. చక్రాన్ని కింది ఆర్మ్‌కు కలిపి ఉంచే కీలు ఇది. స్టీరింగ్ తిప్పినప్పుడు, గుంతలో పడ్డప్పుడు బరువుగా ‘డొక్కు’ మంటుంటే వెంటనే చూపించాలి. అది విడిపోతే చక్రం పక్కకు వాలిపోతుంది. గల్లీలో అయితే బండి కూలబడుతుంది, హైవేలో అయితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. మూడోది టైరు మార్చిన మర్నాడు మెల్లగా పోతుంటే వచ్చే ‘టుక్ టుక్’. చక్రం నట్లు వదులయ్యాయేమో అక్కడికక్కడే ఆపి చూసుకోవాలి. కీళ్లు, బ్రేకులు, చక్రాలు... వీటి చప్పుడు విని ఊరుకోకూడదు.

ఇంజిన్ స్టార్ట్ చేయగానే వచ్చి ఆగిపోయే కీచు చాలాసార్లు ఫ్యాన్ బెల్టుది. బెల్టు పగిలిందో, టెన్షనర్ వదులైందో మెకానిక్ చూడాలి. తిరుగుతున్న బెల్టు దగ్గరకు చెయ్యి, చున్నీ, చొక్కా కొస ఏదీ పోకూడదు. అలాగే జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరడం ఎప్పుడూ చేయొద్దు. స్టాండు ఉండాలి, లేదా ర్యాంపు ఉండాలి.

పేరుకు భయపెట్టినా ప్రమాదం లేనివీ ఉన్నాయి. బండి ఆగినప్పుడు కింద నుంచి డబ్బాలో గులకరాళ్లు వేసినట్టు మోత వస్తే ముందు సైలెన్సర్ పైనుండే వేడి రేకును చూడాలి. దాని బోల్టు తుప్పుపట్టి ఊడి ఉండొచ్చు. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బరు రింగు తెగినా అంతే. ఒక క్లిప్పుతో, ఒక రబ్బరుతో పోయే మోత అది.

మెకానిక్‌తో మాట్లాడటం ఓ కళ

‘‘అన్నా, ముందు నుంచి ఏదో చప్పుడు వస్తుంది.’’

‘‘సస్పెన్షన్ పోయినట్టుంది సార్. మొత్తం మార్చాలె.’’

ఇంత చిన్న సంభాషణకు ఎంత పెద్ద బిల్లో! తప్పంతా మెకానిక్‌ది కాదు. ‘ఏదో చప్పుడు’ అంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఒక్కో ముక్కా వెతికే తీరిక లేక అన్నీ మార్చేస్తే ఏదో ఒకటి తగలకపోదు అనుకుంటాడు. అదే మాటను ఇలా చెప్పి చూడండి. ‘‘అన్నా, ఎడమ చక్రం గుంతలో పడితేనే టకటకమంటోంది. స్పీడ్ బ్రేకర్ మీద రాదు. స్టీరింగ్ తిప్పితే రాదు.’’ ఇప్పుడు ఆయన ముఖం మారుతుంది. ‘‘అట్లనా... లింక్ రాడ్ చూద్దాం ఆగు సార్’’ అంటాడు. బిల్లూ మారుతుంది!

చప్పుడు వచ్చే దారిలోనే ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాలి. వీలైతే ఆయనకే స్టీరింగ్ ఇచ్చి మీరు వెనక కూర్చోవాలి. ర్యాంపు మీద పెట్టినప్పుడు అరిగిన ముక్కను ఊపి చూపించమనాలి. మార్చాక పాత సామాను అడిగి తీసుకోవాలి. పెద్ద గ్యారేజీల్లో డాక్టరు స్టెతస్కోపు లాంటిదే ఉంటుంది. చిన్న షెడ్డులో మేస్త్రీ పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి, కొసను ఇంజిన్ మీద పెట్టి వింటాడు. రెండూ ఒకే సూత్రం... గాలిని నమ్మకుండా ఇనుమునే అడగడం.

వారంటీలో ఉన్న కారైతే బయట విప్పించే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చప్పుడు సంగతి జాబ్ కార్డు మీద రాయించుకోవాలి. ‘కస్టమర్ ఫిర్యాదు... శబ్దం’ అని ఒక్క మాట కాదు, ఎప్పుడు ఎలా వస్తోందో మొత్తం రాయించాలి. వారంటీ అయిపోయాక అదే చప్పుడు మళ్లీ వస్తే ఆ కాగితమే సాక్షి.

అసలు చప్పుడే లేకపోతే?

1958లో అమెరికాలో రోల్స్ రాయిస్ కారుకు డేవిడ్ ఒగిల్వీ ఓ ప్రకటన రాశాడు. గంటకు అరవై మైళ్ల వేగంలో కూడా ఆ కారులో అన్నిటికంటే గట్టిగా వినిపించేది గడియారం చప్పుడే అన్నది దాని సారాంశం. ఆ ప్రకటన ఇప్పటికీ పాఠాల్లో చెబుతారు. అదే కంపెనీ 2020లో తెచ్చిన ఘోస్ట్ కారు కథ ఇంకా విచిత్రం. తయారీ దశలో లోపల చప్పుడంతా తీసేస్తే కూర్చున్నవాళ్లకు ఏదో తెలియని ఇబ్బందిగా అనిపించిందట. దాంతో ఇంజినీర్లు ఒక సన్నని గుసగుసను మళ్లీ కావాలని ఉంచారు!

అంటే పూర్తి నిశ్శబ్దం మనకూ వద్దు. కావలసింది నమ్మకం. ఏ చప్పుడు మామూలుదో, ఏది మన్నించదగిందో, ఏది బండి ఆపి దిగమంటోందో తెలిసిన చెవి ఉంటే చాలు. ఈ ఆదివారం ఎలాగూ రోడ్లు కాస్త ఖాళీ. డిక్కీ ఖాళీ చేసి, పాటలు ఆపేసి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని బయల్దేరండి. ఎల్బీనగర్ చేరేలోగా చప్పుడు దొంగ దొరక్కపోతే... పక్క సీట్లో ఆవిడ చేతి గాజులు కూడా ఓసారి వినండి!